తలలు తెగని సైన్ వేవ్: వీన్ బ్రిడ్జ్ ఆసిలేటర్‌లో ఎత్తును అదుపు చేయడం

డిప్లొమా ఎలక్ట్రానిక్స్ ల్యాబులో, తనంతట తానే సైన్ వేవ్ పుట్టించే వీన్ బ్రిడ్జ్ ఆసిలేటర్ ప్రయోగం వచ్చిన రోజున, బ్రెడ్‌బోర్డు మీద సర్క్యూట్ కట్టి సప్లై ఇచ్చిన విద్యార్థికి సీఆర్‌వో (తరంగాన్ని బొమ్మగా చూపే పరికరం) తెర మీద సాధారణంగా రెండే దృశ్యాలు కనబడతాయి. ఒకటి కదలని అడ్డగీత, రెండోది పైనా కిందా సమంగా కోసేసినట్టున్న తరంగం. ఔట్‌పుట్‌ను వెనక్కి ఇచ్చే ఫీడ్‌బ్యాక్ దారిలో ఉన్న పాట్‌ను (తిప్పితే విలువ మారే రెసిస్టర్‌ను) స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పితే మొదటిది రెండోదిగా మారుతుంది; వెనక్కి తిప్పితే తరంగం మెల్లగా కుంగి అడ్డగీతలో కలిసిపోతుంది. రికార్డు పుస్తకంలో మాత్రం అందరూ నున్నని సైన్ వేవే గీస్తారు. పాలమూరులో ఈ ల్యాబును ఏళ్లుగా చూస్తున్నవాణ్ని కనుక, రికార్డులోని బొమ్మకూ తెర మీది బొమ్మకూ మధ్యనున్న ఈ దూరం గురించి ఒకసారి వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

సర్క్యూట్ అందరికీ తెలిసినదే. ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ సిరీస్‌లో ఉంటాయి. అవే విలువలు గల మరో జత ప్యారలల్‌గా గ్రౌండుకు ఉంటుంది. 16 కిలోఓమ్‌లు, 10 నానోఫారడ్లు పెడితే 995 హెర్ట్జ్ దగ్గర ఈ నెట్‌వర్క్ ఫేజును ఏమాత్రం మార్చకుండా ఔట్‌పుట్‌లో సరిగ్గా మూడో వంతును ఆప్‌ఆంప్ (ఆంప్లిఫయర్ చిప్) ప్లస్ ఇన్‌పుట్‌కు అందిస్తుంది. పోయిన దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే ఆంప్లిఫయర్ గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే రెట్లు, 3 ఉండాలి. బార్క్‌హౌజెన్ షరతు చెప్పేది ఇంతే: లూప్ చుట్టూ తిరిగి వచ్చిన సిగ్నల్ బయలుదేరిన సిగ్నల్‌తో ఎత్తులోనూ ఫేజులోనూ సమానం కావాలి. అయితే ఈ షరతు స్థిరపడిన తరంగాన్ని గురించి మాట్లాడుతుందే తప్ప, ఆ స్థితికి ఎలా చేరాలో, చేరిన తరువాత అక్కడ ఎలా నిలబడాలో చెప్పదు. మాన్యువల్ కూడా అక్కడితో ఆగిపోతుంది.

గెయిన్ మూడుకు కొంచెం అటూ ఇటూ అయితే ఏమవుతుందో లెక్క వేసి చూస్తే విషయం బోధపడుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర గెయిన్ 3.03 ఉందనుకుందాం, అంటే అవసరమైన దానికన్నా ఒక్క శాతం ఎక్కువ. అప్పుడు తరంగపు ఎత్తు ప్రతి 10.6 మిల్లీసెకండ్లకూ సుమారు 2.7 రెట్లు అవుతూ పోతుంది. ఒక మిల్లీవోల్టు దగ్గర మొదలైన అలజడి సెకనులో పదో వంతు గడిచేసరికి పది వోల్టులకు చేరుతుంది. గెయిన్ 2.97 ఉంటే అదే వేగంతో కుంగిపోతుంది. సరిగ్గా మూడు దగ్గర ఉన్నప్పుడు మాత్రమే ఎత్తు మారకుండా ఉంటుంది, కానీ ఆ ఎత్తు ఎంత ఉండాలో అప్పుడు కూడా సర్క్యూట్‌కు తెలియదు. ఒక వోల్టయినా ఒకటే, అయిదు వోల్టులైనా ఒకటే. అయిదు శాతం టాలరెన్స్ ఉన్న రెసిస్టర్లతో, వేడికి విలువ జరిగే పాట్‌తో, మూడు అనే అంకెను ఎవరూ నిలబెట్టలేరు. ఒక శాతం రెసిస్టర్లు వాడినా జరిగేది అదే, కాస్త నెమ్మదిగా జరుగుతుంది.

కాబట్టి పనిచేసే ప్రతి సైన్ ఆసిలేటర్‌లోనూ, ఎత్తు పెరిగేకొద్దీ గెయిన్‌ను తగ్గించే భాగం ఒకటి ఎక్కడో ఉండి తీరాలి. చిన్న సిగ్నల్ దగ్గర గెయిన్ మూడు కన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే తరంగం లేవదు; కావలసిన ఎత్తుకు చేరేసరికి సగటు గెయిన్ మూడుకు దిగాలి. డిజైన్ చేసినవాడు ఆ భాగాన్ని పెట్టకపోతే పవర్ సప్లై ఆ పని చేస్తుంది. ప్లస్ మైనస్ 12 వోల్టుల సప్లైతో నడిచే 741 ఆప్‌ఆంప్ ఔట్‌పుట్ పది, పదిన్నర వోల్టుల దగ్గర ఆగిపోతుంది. విద్యార్థి చూసే తెగిన తలలు అవే.

ఇక్కడే అసలు సంగతి ఉంది. గెయిన్‌ను తగ్గించే భాగం ఎప్పుడు పనిచేస్తుందన్న దాన్ని బట్టే తరంగపు శుద్ధత నిర్ణయమవుతుంది. మన చెరువులకు మత్తడీ ఉంటుంది, తూమూ ఉంటుంది. మత్తడి దగ్గర నీళ్లు అంచు దాటిన క్షణమే పొర్లిపోతాయి. తూము దగ్గర నీరటి రోజుల తరబడి మట్టం చూసుకుంటూ కొంచెం కొంచెంగా తెరుస్తాడు, మూస్తాడు. ఆసిలేటర్‌లో సప్లై చేసే పని మత్తడి పని. తరంగం ప్రతి చక్రంలోనూ అంచును తాకిన ప్రతిసారీ దాని ఆకారం అక్కడ మారుతుంది, ఆకారం మారడమంటేనే హార్మోనిక్స్, అంటే మూల ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న అదనపు తరంగాలు, పుట్టడం. అదే, చాలా చక్రాల సగటు ఎత్తును చూసి గెయిన్‌ను మెల్లగా జరిపే ఏర్పాటు ఉంటే, ఒక్కొక్క చక్రం వరకు ఆంప్లిఫయర్ పూర్తిగా లీనియర్‌గానే ఉంటుంది, ఆకారం చెడదు. ఆంప్లిట్యూడ్ అదుపు కోసం వచ్చిన ఉపాయాలన్నింటినీ ఈ ఒక్క ప్రశ్నతో కొలవవచ్చు: ఇది చక్రం లోపల కదులుతుందా, చక్రాలు దాటాక కదులుతుందా?

వీన్ నెట్‌వర్క్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. నెట్‌వర్క్ ఒక ఫిల్టర్ కదా, పుట్టిన హార్మోనిక్స్‌ను అదే కడిగేస్తుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అందుకు విరుద్ధంగా వస్తుంది. ఈ నెట్‌వర్క్ క్యూ విలువ (ఒక ఫ్రీక్వెన్సీని ఎంత పదునుగా ఎంచుకుంటుందో చెప్పే అంకె) మూడో వంతు మాత్రమే. మూల ఫ్రీక్వెన్సీకి 0.333 వంతు అందించేది రెండో హార్మోనిక్‌కు 0.298, మూడోదానికి 0.249 అందిస్తుంది. అంతేకాదు, ఆంప్లిఫయర్‌లో పుట్టిన హార్మోనిక్ లూప్ చుట్టూ తిరిగి వచ్చి తనతో తానే కలిసినప్పుడు, ఔట్‌పుట్ దగ్గర రెండో హార్మోనిక్ సుమారు 2.24 రెట్లు, మూడోది 1.5 రెట్లు పెద్దదవుతుంది. అంటే ఆప్‌ఆంప్ తనంతట తాను 0.1 శాతం రెండో హార్మోనిక్ పుట్టిస్తే, ఆసిలేటర్ ఔట్‌పుట్‌లో అది 0.22 శాతం దాటుతుంది. కాయిల్, కెపాసిటర్ ట్యాంకు ఉన్న కోల్‌పిట్స్, హార్ట్‌లే ఆసిలేటర్లకు ఈ చిక్కు తక్కువ. ట్రాన్సిస్టర్ కరెంటు ఎంత వికారంగా ఉన్నా మంచి క్యూ ఉన్న ట్యాంకు చివరకు నున్నని వోల్టేజినే చూపిస్తుంది. ఆడియో ఫ్రీక్వెన్సీలకు అంత పెద్ద కాయిళ్లు చుట్టే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి మనం ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్) సర్క్యూట్ల దగ్గరే ఆగాలి. అదే బీసీ107 ట్రాన్సిస్టర్‌తో కట్టే ఫేజ్ షిఫ్ట్ ఆసిలేటర్ అయితే, మూడు మెట్లలోనూ కెపాసిటర్లు సిగ్నల్ దారిలో ఉండే మామూలు అమరిక హార్మోనిక్స్‌ను ఆపదు. రెసిస్టర్లు దారిలోనూ కెపాసిటర్లు గ్రౌండుకూ ఉండే అమరిక ఆపుతుంది, కానీ దాన్ని ల్యాబుల్లో ఎందుకో అరుదుగా కట్టిస్తారు.

ఉపాయాల్లో చవకైనది డయోడ్ల జత. గ్రౌండు వైపు 10 కిలోఓమ్‌లు, ఫీడ్‌బ్యాక్ వైపు 18 కిలోఓమ్‌లు, దానితో సిరీస్‌లో 3.3 కిలోఓమ్‌లు పెట్టి, ఆ 3.3కు అడ్డంగా రెండు 1ఎన్4148 డయోడ్లను ఎదురెదురుగా కలపాలి. సిగ్నల్ చిన్నగా ఉన్నప్పుడు డయోడ్లు పలకవు (కరెంటును పోనివ్వవు) కనుక గెయిన్ 3.13, బాగా పలికినప్పుడు 3.3 దాదాపు లేనట్టే కనుక గెయిన్ 2.8 వైపు దిగుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో సగటు మూడు దగ్గర తరంగం నిలుస్తుంది. అక్కడ డయోడ్ల జత దగ్గరి మొత్తం నిరోధం 2 కిలోఓమ్‌లలా ప్రవర్తిస్తుంది. దాని మీద పడే వోల్టేజి ఔట్‌పుట్‌లో పదిహేనో వంతు. డయోడు మీద సుమారు అర వోల్టు ఉంటుంది కనుక ఔట్‌పుట్ శిఖరం ఏడున్నర వోల్టుల దగ్గర ఆగుతుంది. సప్లై అంచు చాలా దూరంలోనే ఉండిపోయింది, తలలు తెగవు. ఇక్కడివరకు బాగానే ఉంది.

కానీ డయోడ్లు ప్రతి అర చక్రంలోనూ శిఖరం దగ్గర పలుకుతాయి, సున్నా దగ్గర మానుకుంటాయి. అవి కూడా చక్రం లోపల కదిలేవే. సప్లై కోసినట్టు నరకకుండా శిఖరాన్ని కాస్త ఒత్తుతాయి, అంతే తేడా. రెండు డయోడ్లూ ఒకేలా ఉంటే మూడు, అయిదు వంటి బేసి హార్మోనిక్స్ మాత్రమే వస్తాయి. తేడా ఉంటే రెండోది కూడా వచ్చి చేరుతుంది, దాన్ని వీన్ లూప్ ఇంకా పెంచుతుంది. డిస్టార్షన్ (తరంగపు వంకర) తగ్గించాలంటే 3.13కూ 2.8కీ మధ్యనున్న పరిధిని కుదించాలి. కుదిస్తే సర్క్యూట్ మొండికేస్తుంది. ఎందుకంటే కావలసిన గెయిన్ నిజానికి మూడు కాదు; ఒకటికి, రెండు రెసిస్టర్ల నిష్పత్తినీ రెండు కెపాసిటర్ల నిష్పత్తినీ కలిపితే వచ్చేది. సిరీస్ రెసిస్టర్ ప్యారలల్ రెసిస్టర్ కన్నా అయిదు శాతం పెద్దదైతే 3.05 కావాలి, అయిదు శాతం చిన్నదైతే 2.95 చాలు. ఫ్రీక్వెన్సీ మార్చడానికి స్టీరియో వాల్యూమ్‌కు వాడే జంట పాట్‌ను పెడితే, తిప్పుతున్న కొద్దీ ఆ రెండు సగాల తేడా మారుతూనే ఉంటుంది. అందుకే ఒకే ఫ్రీక్వెన్సీ ఆసిలేటర్‌కు పరిధిని ఎంతైనా బిగించవచ్చు. తిప్పే ఆసిలేటర్‌కు మాత్రం కొంత వదులు ఉంచక తప్పదు, ఆ వదులే డిస్టార్షన్‌గా కనబడుతుంది.

డయోడ్లకు మన ఎండలతో మరో పేచీ ఉంది. డిగ్రీ సెంటిగ్రేడుకు సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున డయోడు వోల్టేజి తగ్గుతుంది. సంక్రాంతి ముందటి తెల్లవారుజామున ఎత్తు సరిచేసి పెట్టిన జనరేటర్, పాలమూరు మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద పెడితే, గదిలో పెరిగిన పాతిక ముప్పై డిగ్రీలకు అర వోల్టులో యాభై అరవై మిల్లీవోల్టులు పోతాయి. ఔట్‌పుట్ ఎత్తు దాదాపు పదింట ఒక వంతు పడిపోతుంది. ఆంప్లిఫయర్ గెయిన్ కొలవడానికి ఇది మామూలు పొరపాటు కాదు. ఇన్‌పుట్‌ను కూడా ప్రతిసారీ కొలుచుకునే అలవాటు ఉన్నవారికి ఇబ్బంది లేదు. ఒకసారి డయల్ మీద గీతలు గీసుకుని నమ్మేవారికి ఉంది.

చక్రాలు దాటాక కదిలే ఉపాయాల్లో మొదటిది, ఇప్పటికీ నాకు అన్నింటికన్నా అందంగా తోచేది, చిన్న ఫిలమెంటు బల్బు. మాక్స్ వీన్ 1891లో తన బ్రిడ్జ్‌ను కొలతల కోసం ప్రతిపాదించినప్పుడు ఆంప్లిఫయర్లే లేవు. 1939లో స్టాన్‌ఫర్డ్‌లో విలియం హ్యూలెట్ తన థీసిస్‌లో ఆ బ్రిడ్జ్‌ను వాల్వ్ ఆంప్లిఫయర్‌తో ఆసిలేటర్‌గా మార్చి, నెగటివ్ ఫీడ్‌బ్యాక్‌లో ఒక బల్బును పెట్టాడు. హ్యూలెట్, ప్యాకార్డ్ కలిసి పెట్టిన కంపెనీ మొదటి ఉత్పత్తి 200ఏ అదే. దాని తరువాతి రూపమైన 200బీని డిస్నీ స్టూడియో సినిమా ధ్వని పనులకు ఎనిమిది కొనుగోలు చేసింది. బల్బు చేసే పని చాలా తేలిక. టంగ్‌స్టన్ వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. పూర్తిగా వెలిగే బల్బు నిరోధం చల్లగా ఉన్నప్పటి దానికి పది రెట్లకు పైగా ఉంటుంది. గ్రౌండు వైపు కాలులో బల్బును పెడితే, తరంగం పెరిగేకొద్దీ బల్బు వేడెక్కి, నిరోధం పెరిగి, గెయిన్ దిగుతుంది. 28 వోల్టుల 40 మిల్లీఆంపియర్ల బల్బు పూర్తి వెలుగులో 700 ఓమ్‌లు, చల్లగా ఉంటే దానిలో పదో వంతు దగ్గర ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 430 ఓమ్‌లు పెడితే బల్బు తనంతట తాను 215 ఓమ్‌ల దగ్గరకు వచ్చి నిలుస్తుంది. వెలుగు కంటికి కనబడదు. రెక్టిఫయర్ లేదు, రిఫరెన్స్ లేదు, సర్దుబాటు లేదు. ఫిలమెంటు గది ఉష్ణోగ్రత కన్నా ఎంతో పైన ఉంటుంది కనుక మే నెల ఎండ కూడా దాన్ని పెద్దగా కదిలించలేదు.

బల్బులో చక్రాల సగటు తీసేది ఫిలమెంటు ఉష్ణ జడత్వం. 1 కిలోహెర్ట్జ్ దగ్గర అర మిల్లీసెకనుకొకసారి వచ్చే వేడి పోటు ఫిలమెంటు ఉష్ణోగ్రతను దాదాపు కదిలించదు. 20 హెర్ట్జ్ దగ్గర మాత్రం ప్రతి శిఖరానికీ అది కొంచెం వేడెక్కి, మధ్యలో కొంచెం చల్లబడుతుంది. వేడి చక్రానికి రెండు సార్లు వస్తుంది కాబట్టి నిరోధం రెట్టింపు ఫ్రీక్వెన్సీతో ఊగుతుంది, ఆ ఊగు మూల తరంగంతో గుణించబడి మూడో హార్మోనిక్ అవుతుంది. బల్బు ఆసిలేటర్లన్నింటిలోనూ కింది ఫ్రీక్వెన్సీల్లో డిస్టార్షన్ పెరగడానికి కారణం ఇదే. పెద్ద బల్బు పెడితే ఆ లోపం తగ్గుతుంది కానీ, ఫ్రీక్వెన్సీ తిప్పిన ప్రతిసారీ ఎత్తు పైకీ కిందికీ ఊగి నిలవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఇక అలాంటి బల్బులు ఇప్పుడు మన దగ్గర దొరకడమే కష్టం. వినాయక చవితి మండపాల సీరియల్ సెట్లన్నీ ఎల్‌ఈడీలైపోయాయి, ఎల్‌ఈడీ ఈ పనికి బొత్తిగా పనికిరాదు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఓపికగా అడిగితే పాత ప్యానెల్ ఇండికేటర్ బల్బులు ఇప్పటికీ బయటపడతాయి.

థర్మిస్టర్‌తో కూడా ఇదే పని చేయవచ్చు. వేడెక్కితే నిరోధం తగ్గే రకం కనుక దాన్ని గ్రౌండు కాలులో కాకుండా ఫీడ్‌బ్యాక్ కాలులో పెట్టాలి. ఒకప్పుడు ఇందుకోసమే గాజు గొట్టంలో శూన్యంలో ఉంచిన ఆర్53 అనే పూస థర్మిస్టర్ దొరికేది. దుకాణంలో దొరికే 10 కిలోఓమ్‌ల బిళ్ల థర్మిస్టర్ దానికి బదులు కాదు. ఆప్‌ఆంప్ ఇవ్వగల కొద్దిపాటి శక్తికి అది వేడెక్కదు, గది వేడికే విలువ మార్చుకుంటుంది. అది ఆసిలేటర్ ఎత్తును చూపదు, పాలమూరు వాతావరణాన్ని చూపుతుంది.

ఇప్పటి అవసరాలకు నేను ఎక్కువగా వాడేది జేఫెట్ అనే రకం ట్రాన్సిస్టర్. కాలేజీ ల్యాబుల అరల్లో ఎప్పటివో బీఎఫ్‌డబ్ల్యూ10లు, బీఎఫ్‌డబ్ల్యూ11లు ఉంటూనే ఉంటాయి. దాని కాళ్లయిన డ్రెయిన్, సోర్సుల మధ్య వోల్టేజి చాలా చిన్నగా ఉన్నప్పుడు జేఫెట్ గేటు వోల్టేజితో మారే రెసిస్టర్‌లా ప్రవర్తిస్తుంది. ఔట్‌పుట్‌ను రెక్టిఫై చేసి (డీసీగా మార్చి), ఒక రిఫరెన్స్‌తో పోల్చి, తేడాను ఫిల్టర్ చేసి గేటుకు ఇస్తే ఎత్తు మన చెప్పుచేతల్లో ఉంటుంది. ఎత్తును నిర్ణయించేది రిఫరెన్స్ వోల్టేజి కనుక స్థిరత్వంలో డయోడ్ల జతతో దీనికి పోలికే లేదు. అయితే ఇందులో డిస్టార్షన్ మూడు చోట్ల నుంచి ప్రవేశిస్తుంది, మూడింటికీ మందులు వేరు.

మొదటిది జేఫెట్ స్వభావం. డ్రెయిన్ వోల్టేజి మారుతుంటే చానల్ నిరోధం కూడా కొంచెం మారుతుంది, అంటే అది చక్రం లోపల కదులుతుంది. దాని మీద పడే వోల్టేజిని వంద మిల్లీవోల్టుల లోపు ఉంచితే ఈ దోషం చాలావరకు లొంగుతుంది. డ్రెయిన్ వోల్టేజిలో సగాన్ని రెండు సమానమైన పెద్ద రెసిస్టర్లతో, ఉదాహరణకు చెరో మెగాఓమ్‌తో, గేటుకు తిరిగి ఇస్తే రెండో హార్మోనిక్ బాగా పడిపోతుంది. పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉండే ఈ రెండు రెసిస్టర్లు సర్క్యూట్‌లో అన్నింటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే వస్తువులని నా అభిప్రాయం.

రెండోది రెక్టిఫయర్ నుంచి మిగిలే అల. గేటు వోల్టేజి పూర్తిగా చదునుగా ఉండదు. అర తరంగపు రెక్టిఫయర్ వాడితే అల మూల ఫ్రీక్వెన్సీలోనే ఉంటుంది, అది గెయిన్‌ను ఊపి రెండో హార్మోనిక్‌ను పుట్టిస్తుంది. పూర్తి తరంగపు రెక్టిఫయర్ వాడితే అల రెట్టింపు ఫ్రీక్వెన్సీలో ఉండి మూడోదాన్ని పుట్టిస్తుంది. వీన్ లూప్ రెండోదాన్ని 2.24 రెట్లు, మూడోదాన్ని 1.5 రెట్లు పెంచుతుందన్నది గుర్తుంటే పూర్తి తరంగానిదే పైచేయి అని వేరే చెప్పనక్కర లేదు. ఇక్కడే జేఫెట్ అదుపు పరిధి లెక్కలోకి వస్తుంది. జేఫెట్ గెయిన్‌ను మొత్తం మీద 5 శాతం మాత్రమే మార్చగలిగేలా దాని చుట్టూ మామూలు రెసిస్టర్లు పెట్టామనుకుందాం, గేటు మీది అల ఆ పరిధిలో వందో వంతు అనుకుందాం. అప్పుడు గెయిన్ ఊగేది 0.05 శాతం, అందులో సగం మూడో హార్మోనిక్‌గా మారి, లూప్‌లో ఒకటిన్నర రెట్లై, ఔట్‌పుట్‌లో సుమారు 0.04 శాతంగా తేలుతుంది. అదే జేఫెట్‌కు 50 శాతం పరిధి ఇచ్చి అదే అలను ఉంచితే అది దాదాపు 0.4 శాతం. ఫిల్టర్ మారలేదు, జేఫెట్ మారలేదు, దాని చేతికి ఇచ్చిన పగ్గం పొడవు మాత్రమే మారింది. ఒక శాతం రెసిస్టర్లు కొని, కెపాసిటర్లను కొలిచి జత చేసుకోవడం ఫ్రీక్వెన్సీ కచ్చితత్వం కోసమని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ పరిధిని అయిదు శాతానికి కుదించే ధైర్యం వాటి వల్లనే వస్తుంది.

మూడోది అదుపు లూప్ తనంతట తాను ఊగడం. అల తగ్గాలని ఫిల్టర్ కెపాసిటర్‌ను పెంచుకుంటూ పోతే ఒక దశలో తరంగపు ఎత్తు నెమ్మదిగా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. సీఆర్‌వో టైంబేస్‌ను బాగా తగ్గించి చూస్తే తరంగం ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. కారణం ఇది: గెయిన్‌లో తేడా ఉన్నంతసేపూ ఎత్తు మారుతూనే ఉంటుంది, అంటే ఆసిలేటర్ గెయిన్ తేడాను కూడబెట్టే ఒక ఇంటిగ్రేటర్. ఎత్తు తేడాను కూడబెట్టడానికి మనం ఆప్‌ఆంప్‌తో మరో ఇంటిగ్రేటర్ పెట్టాం. రెండు ఇంటిగ్రేటర్లు ఒకే లూప్‌లో వరుసగా ఉంటే అది మరో ఆసిలేటరే. ఎత్తు సరిపోయిన క్షణానికి గేటు వోల్టేజి ఇంకా తప్పు చోట ఉంటుంది, అది సరైన చోటికి వచ్చేసరికి ఎత్తు అవతలికి దాటిపోయి ఉంటుంది. అందుకని ఇంటిగ్రేటర్ కెపాసిటర్‌తో సిరీస్‌లో ఒక రెసిస్టర్ వేసి, తేడాలో కొంత భాగాన్ని కూడబెట్టకుండా నేరుగా గేటుకు పంపాలి. ఆ రెసిస్టర్ పెద్దదయ్యేకొద్దీ ఊగు త్వరగా అణుగుతుంది, అల కూడా అంతకంత ఎక్కువగా గేటుకు చేరుతుంది. ఈ రెండింటి మధ్య రాజీ లెక్కలోనే దొరుకుతుంది కానీ, చివరి సర్దుబాటు తెర చూస్తూనే చేసుకోవాలి. అతి తక్కువ ఫ్రీక్వెన్సీలకు ఈ రాజీ కూడా కుదరదు. అక్కడ ప్రతి శిఖరాన్నీ ఒక్కసారి పట్టి నిలిపే శాంపుల్ అండ్ హోల్డ్ సర్క్యూట్ అల అనేదే లేకుండా చేస్తుంది.

జేఫెట్‌కు బదులు ఒక ఎల్‌ఈడీనీ, వెలుతురును బట్టి నిరోధం మారే ఎల్‌డీఆర్‌నూ నల్ల స్లీవులో ఎదురెదురుగా పెట్టి వాడేవారూ ఉన్నారు. ఎల్‌డీఆర్ తన మీది వోల్టేజిని బట్టి నిరోధం మార్చుకోవడం చాలా తక్కువ, పైగా నెమ్మదిగా స్పందిస్తుంది కనుక అలను కొంత తానే మింగేస్తుంది. వీధి దీపాల ఆటోమేటిక్ స్విచ్చుల పుణ్యాన ఎల్‌డీఆర్ ఏ చిన్న దుకాణంలోనైనా దొరుకుతుంది.

ఎత్తు అదుపు ఎంత బాగున్నా ఆప్‌ఆంప్ తన వంతు కలుపుతుంది. 741 సెకనులో పది లక్షో వంతుకు అర వోల్టు మాత్రమే కదలగలదు. పది వోల్టుల శిఖరమున్న సైన్ వేవ్‌ను 8 కిలోహెర్ట్జ్ దాటాక అది త్రిభుజంగా మార్చేస్తుంది. టీఎల్072 ఆప్‌ఆంప్‌ది అంతకు పాతిక రెట్ల వేగం. సిరామిక్ కెపాసిటర్లలో ఎక్స్7ఆర్ రకం వోల్టేజిని బట్టి విలువ మారుస్తుంది, కనుక వీన్ నెట్‌వర్క్‌లో అది చక్రం లోపల కదిలే మరో వస్తువు; పాలీప్రొపిలీన్ లేదా పాలీస్టైరీన్ వాడాలి. ఔట్‌పుట్ శిఖరాన్ని మూడు నాలుగు వోల్టులకు మించనివ్వకపోవడం ఇన్నింటికీ కలిపి మంచిది.

మా ఊళ్లో మైక్ సెట్లు, బరాత్‌లకు వెళ్లే సౌండ్ బాక్సులు బాగుచేసే మిత్రుడు ఒకరు నా జనరేటర్‌ను తీసుకెళ్లి వాడుతుంటారు. ఆయన ఒకసారి అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: “సార్, గీ వంకర నా ఆంప్లిఫైర్ల నుంచి వస్తుందా, మీ డబ్బల నుంచి వస్తుందా? ముందుగాల అది చెప్పుండ్రి.” సీఆర్‌వో తెర మీద కంటికి ఒకటి రెండు శాతం లోపు డిస్టార్షన్ తెలియదు, కాబట్టి తెర చూసి ఆయనకు జవాబు చెప్పడం కుదరదు. మూల ఫ్రీక్వెన్సీని తీసేసి మిగిలినదాన్ని చూడాలి. అందుకు ట్విన్-టీ నాచ్ (ఒక ఫ్రీక్వెన్సీని పూర్తిగా ఆపే ఫిల్టర్) చాలు. కానీ మామూలు ట్విన్-టీ మూల ఫ్రీక్వెన్సీతో పాటు రెండో హార్మోనిక్‌ను కూడా 9 డెసిబెళ్లు, మూడోదాన్ని 5 డెసిబెళ్లు తగ్గించేస్తుంది. మిగిలినది 0.1 శాతంగా కనబడి, అది ప్రధానంగా రెండో హార్మోనికే అయితే అసలు విలువ 0.28 శాతం. కంప్యూటర్ సౌండ్ కార్డు, ఉచితంగా దొరికే స్పెక్ట్రమ్ సాఫ్ట్‌వేర్ ఈ తగ్గింపు లేకుండా చూపిస్తాయి; అయితే కార్డు సొంత డిస్టార్షన్ ఎంతో దాని ఔట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపి ముందు చూసుకోవాలి. ఆయన బాగుచేసే పాత ఆంప్లిఫయర్లలో క్రాసోవర్ వంకర (తరంగం సున్నా దాటే చోట వచ్చేది) ఒక శాతం దాకా ఉండవచ్చు కనుక, ఆ పనికి జేఫెట్ డబ్బా సరిపోతుంది, డయోడ్ల డబ్బా సరిపోదు.

విద్యార్థులకు మాత్రం నేను మొదట డయోడ్ల సర్క్యూట్‌నే ఇస్తాను. 3.3 కిలోఓమ్‌లతో అందరి బోర్డులూ వెంటనే లేస్తాయి. తరువాత ఆ ఒక్క రెసిస్టర్‌ను తీసి 2.2 పెట్టమంటాను. చిన్న సిగ్నల్ గెయిన్ 3.13 నుంచి 3.02కు దిగుతుంది, తరంగం 2.7 రెట్లు కావడానికి పట్టే సమయం రెండున్నర మిల్లీసెకండ్ల నుంచి 16 మిల్లీసెకండ్లకు పెరుగుతుంది, ఎత్తు కొంచెం తగ్గుతుంది, నాచ్ దగ్గర మిగిలేది స్పష్టంగా కుంగుతుంది. కొన్ని బోర్డులు అసలు లేవవు. అప్పుడు ఆ బెంచీ వాళ్లు మల్టీమీటర్ తీసుకుని తమ రెండు 16 కిలోఓమ్‌లలో ఏది పెద్దదో కొలవడం మొదలుపెడతారు.